తెల్ల చొక్కాలో నేత నిలవాలి: ఒక పోర్ట్రెయిట్ ప్రాజెక్టు డైరీ

అసలు పని

నల్ల తెర ముందు, తెల్ల బట్టల్లో, నడుము దాకా పోర్ట్రెయిట్లు. ఒకే లైటు. చివరికి కాగితం మీదికి రావాలి. షరతు ఒకటే: బట్ట తెల్లగానే కనబడాలి, అందులో నేతా మడతా కుట్టూ కూడా కనబడాలి. అలాగని ముఖం మసకబారకూడదు.

వినడానికి సులువే. కానీ తెల్ల చొక్కా తన మీద పడిన వెలుగులో దాదాపు 80 నుంచి 90 శాతం తిప్పికొడుతుంది. ముదురు ఛాయ ముఖం తిప్పికొట్టేది ఇంచుమించు 10 శాతం. అంటే రెండిటికీ ఒకే వెలుగు అందినా, ముఖం కంటే చొక్కా మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పైన కూర్చుంటుంది. లేత ఛాయ అయితే ఆ తేడా ఒక స్టాపు పైచిలుకే. నేను తీయబోయేవాళ్లలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు.

"ఓవర్ అయింది, కాస్త తగ్గించు" అని అందరూ చెప్పేదే. తగ్గిస్తే చొక్కాతో పాటు ముఖమూ తగ్గుతుంది. కాబట్టి నా దృష్టిలో ఇది వెలుగు ఎక్కువైన సమస్య కాదు, ముఖానికీ చొక్కాకీ మధ్య ఉన్న ఎడం సమస్య. ఆ ఎడాన్ని ఎక్కడ, ఎంత తగ్గించొచ్చో చూడటమే ఈ ప్రాజెక్టు.

శనివారం: పాత ఫైళ్లు

కొత్తవి తీసేముందు, చెడిపోయినవాటిలో ఏం జరిగిందో చూద్దామని స్నేహితురాలు పంపిన ఫోల్డరు తెరిచాను. ఎక్కడో స్టూడియోలో తీయించుకున్నవి. దాదాపు అన్నిట్లో చొక్కా తెల్లగా కొట్టుకుపోయింది. "ఏమైనా చేయగలవేమో చూడవే" అంది. కొన్ని రా ఫైళ్లు (సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండేవి), కొన్ని జేపెగ్‌లు (దాన్ని సర్ది, కుదించి తయారుచేసినవి).

ముందు వీటిలో బతికేవేవో తేల్చాలి. కంటితో చూసి తేల్చే పని కాదిది. కర్సర్‌ని చొక్కా మీద తిప్పుతూ ఆర్‌జీబీ అంకెలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లకి 0 నుంచి 255 దాకా) చదివాను. 251, 249, 246 అని వస్తే, కంటికి కనబడకపోయినా అక్కడ ఇంకా బట్ట ఉంది. 255, 255, 241 అంటే రెండు చానెళ్లు పోయాయి, ఒకటి మిగిలింది. కొంచెం ఆశ ఉంది. మూడూ 255 అయి, పక్క పిక్సెల్, దాని పక్కదీ అంతే అయితే అక్కడ తవ్వడానికి ఏమీ లేదు.

జేపెగ్‌లో చానెల్‌కి 256 మెట్లే. పైమెట్టు మీద పేరుకుపోయినవాటిని కిందికి లాగితే అన్నీ కలిసి ఒకే మెట్టు మీదికి దిగుతాయి. చొక్కా కాస్తా బూడిదరంగు అట్టముక్కలా తయారవుతుంది. అంతకంటే తెల్లగా వదిలేయడమే నయం. జేపెగ్‌లలో ఎక్కువభాగం అలా పక్కన పెట్టేశాను.

రా ఫైళ్ల సంగతి వేరు. 14 బిట్ ఫైల్లో 16,384 మెట్లు ఉంటాయి. సెన్సర్ లెక్క సూటిగా ఉంటుంది: రెట్టింపు వెలుగుకి రెట్టింపు అంకె. అందువల్ల అన్నిటికంటే పైనున్న ఒక్క స్టాపుకే సగం మెట్లు, అంటే 8,192, పోతాయి. తెల్ల చొక్కా కూర్చునేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే. పరిమితి దాటనంతసేపు ఫొటో మొత్తంలో తెలుపులో ఉన్నంత సూక్ష్మమైన తేడా ఇంకెక్కడా ఉండదు. దాటిందా, ఇక ఏమీ మిగలదు. మధ్యలో ఆగే మెట్టు లేదు.

నెగెటివ్ ఫిల్మ్ వాడినవాళ్లు ఇక్కడే నొచ్చుకుంటారు. ఫిల్మ్‌లో పైభాగం మెల్లగా వంగుతుంది. చొక్కా ఎక్కువైనా నెగెటివ్‌లో ఆ చోటు దట్టంగా మిగిలేది, డార్క్‌రూమ్‌లో అక్కడికి మాత్రం కాసేపు ఎక్కువ వెలుగిచ్చి నేతను బయటికి రప్పించేవాళ్లు. డిజిటల్‌లో ఆ దయ లేదు. బదులుగా నీడల్లో బోలెడంత దాగి ఉంటుంది. పద్ధతి మొత్తం తలకిందులు చేసుకోవాలి.

ఆదివారం: గులాబీ కాలర్

ఒక రా ఫైల్లో ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు) స్లైడర్‌ని ఒకటిన్నర స్టాపు కిందికి లాగగానే కాలర్ అంచు గులాబీ రంగుకి తిరిగింది. చాలామంది దీన్ని వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపే రంగుల సర్దుబాటు) తప్పనుకుని, గులాబీకీ ఆకుపచ్చకీ మధ్య జరిపే టింట్ స్లైడర్ పట్టుకుంటారు. అప్పుడు ముఖం ఆకుపచ్చబారుతుంది.

జరిగేది ఇది. మామూలు పగటి వెలుగులోనో ఫ్లాష్‌లోనో సెన్సర్‌లో ముందుగా నిండిపోయేది ఆకుపచ్చ చానెల్. ఎరుపు, నీలం ఇంకా నిండవు. తర్వాత సాఫ్ట్‌వేర్ వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపునీ నీలాన్నీ ఒక గుణకంతో పెంచుతుంది. ఆకుపచ్చ మాత్రం తన పరిమితి దగ్గరే ఇరుక్కుని ఉంటుంది. మిగతా రెండూ దాన్ని దాటిపోతాయి. ఎరుపూ నీలమూ ఎక్కువైతే గులాబీయే కదా.

గులాబీ కనబడిందంటే నిజానికి మంచి వార్త. రెండు చానెళ్లలో బట్ట ఇంకా బతికే ఉందన్నమాట. రా ఫైళ్లు దిద్దే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో, కొట్టుకుపోయిన వెలుగుని తిరిగి కట్టే హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ మాడ్యూల్ తెరిచి 'ఇన్‌పెయింట్ అపోజ్డ్' పద్ధతి పెట్టాను. మిగిలిన చానెళ్లని బట్టి పోయినదాన్ని అంచనా కడుతుంది. కాలర్ మళ్లీ తెల్లబడింది, అంచు వెంట కుట్టు గీత కూడా తేలింది. 'గైడెడ్ లాప్లాసియన్స్' కూడా ప్రయత్నించాను. పెద్ద మచ్చలకి అది మృదువుగా పనిచేసింది, కానీ కంప్యూటర్ ఫ్యాన్ మోత భరించలేం. కాలర్ లాంటి సన్నటి చోట్లకి మొదటిదే చాలు.

వారం మధ్యలో: మాసిన చొక్కా

తిరిగొచ్చిన నేత చూసి మురిసిపోయి హైలైట్స్ (వెలుగు భాగాల) స్లైడర్‌ని చివరిదాకా కిందికి లాగితే వచ్చేది మాసిన చొక్కా. డీటెయిల్ అంతా ఉంటుంది, తెలుపు మాత్రం ఉండదు. నెట్‌లో కనిపించే 'రికవరీ' ఫొటోల్లో సగం ఇలాగే ఉంటాయని నా ఫిర్యాదు.

చొక్కా తెల్లగా అనిపించడానికి అదంతా తెల్లగా ఉండనక్కర్లేదు. వెలుగు నేరుగా తగిలే మడతల శిఖరాలు 240 నుంచి 245 దగ్గర ఉండాలి, మడతల లోయలు 200 కిందికి దిగినా ఫర్వాలేదు. శిఖరం తెల్లగా ఉంటే లోయని కన్ను నీడ అనుకుంటుంది. శిఖరం కూడా 215 దగ్గర ఆగిపోతే మొత్తాన్నీ బూడిదరంగు అనుకుంటుంది. అందుకే హైలైట్స్ తగ్గించాక వైట్స్ (అన్నిటికంటే తెల్లటి చోట్లు) మళ్లీ కొంచెం పెంచాలి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని వైట్స్ స్లైడర్ లాగితే స్క్రీన్ నల్లగా మారి, క్లిప్ అవుతున్న (పరిమితి దాటి వివరం పోతున్న) చోట్లు మాత్రమే వెలుగుతాయి. మొదటి చుక్కలు కనబడే దాకా పెంచి, ఒక్క పిసరు వెనక్కి.

ఇదంతా బట్ట వరకే, మాస్క్ వేసి, అంటే మార్పు ఆ చోటికే తగిలేలా కట్టడి చేసి. లైట్‌రూమ్‌లో మనిషిని ఎంచుకుంటే బట్టలకి విడిగా మాస్క్ వస్తుంది. గడ్డం కింద, మెడ దగ్గర మాత్రం బ్రష్‌తో సరిచేయక తప్పలేదు. మాస్క్ ఒక్క మిల్లీమీటరు మెడ మీదికి పాకినా అక్కడ చర్మం మీద బూడిద పట్టీ పడుతుంది. మాస్క్ లోపల టెక్స్చర్ కొద్దిగా పెంచాను, శాచురేషన్ కొద్దిగా తగ్గించాను. పూర్తిగా తీసేయలేదు. తెల్లబట్ట చుట్టూ ఉన్న రంగుల్ని కాస్త అద్దుకుంటుంది, అదీ పోతే చొక్కా కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

మూడు చానెళ్లూ పోయిన భుజం ఒకటి మిగిలింది. అదే వరుసలో, మనిషి కాస్త పక్కకి తిరిగిన ఇంకో ఫ్రేములో ఆ భుజం బాగానే ఉంది. జింప్ అనే ఇమేజ్ ఎడిటర్‌లో దాన్ని పై లేయరుగా పెట్టి, మడతల దిశ కలిసేలా కొద్దిగా తిప్పి, మాస్క్‌తో అంచులు కలిపాను. అదే చొక్కా, అదే లైటు కాబట్టి కుదిరింది. అలా అరువు తెచ్చుకునే ఫ్రేము లేని చోట మడతలు గీయలేదు. గీసిన మడత గీసినట్టే కనబడుతుంది. ఆ చోటుని 255 నుంచి 247కి దించి, చుట్టూ ఉన్నంత గ్రెయిన్ (సన్నటి రేణువుల గరుకు) కలిపి వదిలేశాను. నున్నటి మచ్చ కంటే గరుకు మచ్చని కన్ను త్వరగా క్షమిస్తుంది.

స్నేహితురాలికి పంపాను. "చొక్కా సరే, నా ముఖం ఏంటే ఇంత బావుంది" అంది. ముఖాన్ని నేను ముట్టుకోనేలేదు. పక్కన తెల్లటి మంట ఆరిపోయేసరికి ముఖం పైకి తేలింది, అంతే.

శుక్రవారం రాత్రి: కెమెరా ఎంత ఓర్చుకుంటుంది

ఇక కొత్త ఫొటోలు. వాటికి ముందు నా కెమెరా పైకప్పు ఎక్కడుందో తెలియాలి. కెమెరా మీటర్‌కి తెలుపంటే ఏంటో తెలియదు. చూసినదాన్నంతా మధ్యరకం బూడిద అనుకుంటుంది, 18 శాతం వెలుగు తిప్పికొట్టే బూడిద. తెల్లబట్టని మాత్రమే చూపిస్తే దాన్ని బూడిద చేస్తుంది. ఫ్రేము నిండా నల్ల తెర ఉంటే "చీకటిగా ఉందే" అని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, అప్పుడు మధ్యలో ఉన్న చొక్కా గతి అంతే. స్నేహితురాలి ఫొటోలు అన్నిటికీ వెనక నల్ల తెరే.

పరీక్ష సులువు. తెల్ల కాటన్ గుడ్డని సమానంగా వెలుగు పడేచోట వేలాడదీశాను. స్పాట్ మీటర్‌తో (ఒక చిన్న చోటుని మాత్రమే కొలిచేది) గుడ్డని కొలిచి, మీటర్ సున్నా చూపిన చోట మొదలుపెట్టి, మూడో వంతు స్టాపు చొప్పున పెంచుతూ తీసుకుంటూ పోయాను. మాన్యువల్ మోడ్, మార్చేది షట్టర్ ఒక్కటే. కెమెరా తెర మీద మిణుకుమిణుకుమనే హెచ్చరిక 2.3 స్టాపుల దగ్గరే మొదలైంది. అవే ఫైళ్లని రా అంకెలు చూపే రాడిగ్గర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆకుపచ్చ చానెల్ నిజంగా నిండింది 3.3 దగ్గర. పూర్తిగా ఒక స్టాపు తేడా! కారణం మామూలే. కెమెరా తెర మీది హిస్టోగ్రామ్ (వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్), హెచ్చరిక రెండూ లోపల తయారయ్యే జేపెగ్‌ని చూసి చెప్పేవే, రా ఫైల్‌ని చూసి కాదు. పిక్చర్ స్టయిల్‌ని తక్కువ కాంట్రాస్ట్ ఉన్నదానికి మార్చాక హెచ్చరిక కాస్త ఆలస్యంగా, నిజానికి దగ్గరగా వచ్చింది.

ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిలో (నలుపు నుంచి తెలుపు దాకా స్టాపుకొక మెట్టు) మధ్య బూడిద 5వ జోన్. నేత ఇంకా అందే తెలుపు 8వది, అంటే మూడు స్టాపులు పైన. నా గుడ్డ ముక్క పరీక్ష ఇంచుమించు అక్కడికే వచ్చింది. అయినా నేను అంత అంచున నిలబడను. మనిషి కొంచెం ముందుకి వంగినా లెక్క మారిపోతుంది. వెలుగు బాగా పడే మడతని స్పాట్ మీటర్‌తో కొలిచి, దాన్ని 2.5 స్టాపుల పైన పెట్టడం నా నియమం. మీ కెమెరాకి మీ అంకె వస్తుంది, ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

శని, ఆదివారాలు: లైటు జరపడం

ప్రాజెక్టు గుండెకాయ ఇదే. తమ్ముడు మోడల్. తేవాల్సినవి రెండు తెల్ల చొక్కాలు, ఒకటి కొత్తది, ఒకటి బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డది.

"అక్కా, ఈ పాతదాంతోనా ఫొటో?"

"ముందు వేసుకోరా, తర్వాత చెప్తా."

కొత్త తెల్లబట్టల్లోనూ డిటర్జెంట్లలోనూ తెలుపు పెంచే రసాయనాలు కలుపుతారు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్ని పీల్చుకుని నీలి వెలుగుగా వదలడం వాటి పని. అందుకే కొత్త చొక్కా 'తళతళ' మంటుంది. కెమెరాకి అది అదనపు నీలం. ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే, కొత్త చొక్కా జేబు మీద నీలం చానెల్ మిగతావాటికంటే ముందే అంచుకి చేరింది, నీడల్లో లేత నీలి ఛాయ తేలింది. పాత చొక్కా ఎక్కడా పేచీ పెట్టలేదు. ఫ్లాష్ గొట్టానికి అతినీలలోహితాన్ని ఆపే పూత ఉంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. మిగతా పరీక్షలకి పాత చొక్కానే ఖాయం చేశాను.

ఇప్పుడు దూరాలు. సాఫ్ట్‌బాక్స్‌ని (వెలుగుని మెత్తబరచడానికి లైటుకి తొడిగే గుడ్డ పెట్టె) మొదట అందరూ పెట్టినట్టే పక్కన, ఛాతీ ఎత్తులో పెట్టాను. టేపుతో కొలిస్తే ముఖానికి 80 సెంటీమీటర్లు, లైటు వైపు భుజానికి 60. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి భుజానికి ముఖం కంటే 1.78 రెట్లు, అంటే 0.8 స్టాపు ఎక్కువ అందుతోంది. అసలే చొక్కా మూడు స్టాపులు పైనుంటే మనమే ఇంకొంచెం ఎక్కిస్తున్నాం.

లైటుని దూరం జరిపి చూశాను. ముఖానికి 160, భుజానికి 145. ఆ అదనం 0.3 స్టాపు కంటే తక్కువకి పడిపోయింది. చొక్కా వెంటనే శాంతించింది. కానీ దూరమయ్యేకొద్దీ సాఫ్ట్‌బాక్స్ చిన్నదైనట్టే లెక్క, ముక్కు నీడ గట్టిపడింది. పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఉన్నవాళ్లకి ఇదే సులువైన దారి. నా దగ్గర లేదు.

అప్పుడు స్టాండు పైకెత్తాను. సాఫ్ట్‌బాక్స్ తలకంటే పైన, ముఖం వైపు వంచి. ముఖానికి మళ్లీ 80, ఛాతీ మధ్యకి 110. ఛాతీకి అందే వెలుగు ముఖానికి అందేదానిలో దాదాపు సగం. అంటే ఎడంలో ఒక స్టాపు ఒక్క దెబ్బతో తగ్గింది, సాఫ్ట్‌బాక్స్ దగ్గరగానే ఉంది కాబట్టి మెత్తదనమూ పోలేదు. ఇంతా చేసి కదిపింది ఒక్క స్టాండు మాత్రమే. ఎంత స్లైడర్ లాగినా ఇంత శుభ్రంగా రాదు. తర్వాత సాఫ్ట్‌బాక్స్ మూతిని ఇంకొంచెం పైకి తిప్పి, దాని కింది అంచు వెలుగు మాత్రమే ఛాతీ మీద పడేలా చేశాను, ఇంకాస్త దిగింది.

లైటు పైకెక్కితే కళ్ల గుంటల్లో, గడ్డం కింద నీడ పడుతుందనే భయం ఉంటుంది. ఇక్కడ తెల్ల చొక్కానే సాయం చేసింది. కింద నుంచి వెలుగు తిప్పికొట్టి గడ్డం కింద నీడని అదే నింపింది. నల్ల చొక్కాతో అయితే విడిగా రిఫ్లెక్టర్ పెట్టాల్సి వచ్చేది.

చివరిది, మనిషిని తిప్పడం. తమ్ముడి నడుము పైభాగాన్ని లైటు నుంచి పక్కకి తిప్పి, ముఖాన్ని మాత్రం లైటు వైపు తిప్పమన్నాను. వెలుగు చొక్కాని ఎదురుగా కొట్టకుండా పక్కనుంచి రాసుకుంటూ పోయింది. జేబు దగ్గర ఫైల్‌ని నూరు శాతానికి పెద్దది చేసి చూస్తే పడుగూ పేకా విడివిడిగా కనబడ్డాయి. గుండీ చుట్టూ దారం ముడి, దాని సన్నటి నీడ కూడా. ఎదురు వెలుగులో తీసిన ఫ్రేములో అదే అంకెలు, అదే 240, కానీ నేత లేదు. క్లిప్ కాకపోవడం వేరు, నేత కనబడటం వేరు. మొదటిది ఎక్స్‌పోజర్ చూసుకుంటుంది, రెండోది వెలుగు వచ్చే కోణం.

ఇన్ని చేసినా లైటు వైపు భుజం కొస ఒకటి మెరుస్తూనే ఉంది. లైటుకీ భుజానికీ మధ్య నల్ల అట్ట అడ్డం పెట్టాను. అట్ట లైటుకి దగ్గరగా ఉంటే దాని నీడ అంచు మెత్తగా ఉంటుంది, భుజానికి దగ్గరైతే గీత పడుతుంది. వలగుడ్డ ఫ్రేములు ఉన్నవాళ్లకి ఇంకా హాయి: ఒంటి వల అర స్టాపు, జంట వల ఒక స్టాపు తగ్గిస్తుంది.

కిటికీ వెలుగులోనూ ఓ రెండు ఫ్రేములు తీశాను. కిటికీ కింది సగాన్ని ముదురు గుడ్డతో మూస్తే స్టాండు ఎత్తినట్టే పనిచేస్తుంది. ఫోన్‌తో అయితే చొక్కా మీద నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిందికి లాగడమే. ముఖం తర్వాత ఎత్తుకోవచ్చు.

ప్రింట్లు

స్క్రీన్ మీద బాగున్నవన్నీ కాగితం మీద బాగుండవు. ముందు స్క్రీన్ వెలుగుని చదరపు మీటరుకి 120 క్యాండెలాల లోపుకి దించాను. మరీ వెలిగిపోయే స్క్రీన్ ముందు కూర్చుంటే తెలుపుని కావలసినదానికంటే తగ్గించేస్తాం, ప్రింటు మబ్బుగా వస్తుంది.

ప్రింటర్ 255 ఉన్నచోట సిరా వేయదు, ఉత్త కాగితం వదిలేస్తుంది. పిగ్మెంట్ సిరాతో గ్లాసీ కాగితం మీద తీసినప్పుడు ఆ చోట్లు మెరుపులో తేడాగా ఉంటాయి. ప్రింటుని ఎదురుగా చూస్తే తెలియదు, వెలుగుకి వంచితే భుజం మీద మచ్చలా బయటపడుతుంది. ఇంకో చిక్కు, ఫ్రేము అంచుని తాకే మోచెయ్యి: తెల్ల మార్జిన్‌లో కలిసిపోయి చెయ్యి కోసినట్టయింది. అందుకని ప్రింటుకి వెళ్లే ఫైళ్లలో కర్వ్ (వెలుగుని సర్దే గీత) పైకొసని 247 దగ్గరికి దించాను. ఎక్కడో ఒక గుండీ మీద మెరుపు 255 అయితే ఏం ఫర్వాలేదు, గుండీ మెరవాలి కూడా.

మ్యాట్ కాగితం మీద తెలుపు కొంచెం నెమ్మదిస్తుంది, కానీ నేత అక్కడే బాగా చదవబడింది. ఈ వరుసకి మ్యాట్ ఖాయం.

మిగిలిన పని

కాటన్ అయిపోయింది. శాటిన్ ఇంకా మొదలుపెట్టలేదు. దాని మెరుపు అద్దం మెరుపు లాంటిది కాబట్టి లైటు దూరం కంటే కోణమే ముఖ్యం అవుతుంది, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా అక్కడ పనికొస్తుంది. మామూలు కాటన్ మీద పోలరైజర్ పెట్టి చూస్తే వెలుగు తగ్గడం తప్ప పెద్ద మార్పేమీ రాలేదు. తమ్ముడికి వచ్చే ఆదివారం రమ్మని చెప్పాను. ఈసారి చొక్కా తనే తెస్తాడట, పాతది మాత్రం కాదట.